నొప్పి మందుకూ ఓ వేళ ఉంటుంది

“ఎపిడ్యురల్ (నడుములో సన్నని గొట్టం గుండా ఇచ్చే నొప్పి మందు) తీసుకోవాలా, మందుల్లేకుండా కనాలా?” అని ఎనిమిదో నెలలో అడిగితే సగం జవాబే దొరుకుతుంది. మిగతా సగం నొప్పులు మొదలయ్యాకే తేలుతుంది: గర్భాశయ ముఖద్వారం ఎన్ని సెంటీమీటర్లు తెరుచుకుంది, కాన్పుకి ఇంకెంతసేపు పట్టొచ్చు, తల్లికి ఇంకెంత ఓపిక మిగిలింది.

కాన్పు నొప్పి అంతా ఒకటే రకం కాదు. మొదట గర్భాశయం బిగుసుకుంటూ, ముఖద్వారం సాగుతూ పొత్తికడుపునీ నడుమునీ లాగేస్తాయి. చివర్లో బిడ్డ తల దిగాక కింద సాగి మండే నొప్పి వేరు, అది వేరే నరాల గుండా వెళుతుంది. మొదటి దశలో ఊరటనిచ్చింది బిడ్డ బయటికి వచ్చేలా ముక్కే వేళకి పనికిరాకపోవడానికి ఒక కారణం ఇదే.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018 నుంచి చురుకైన కాన్పుని, అంటే నొప్పులు ఊపందుకునే దశని, ముఖద్వారం 5 సెంటీమీటర్లు తెరుచుకున్న దగ్గర్నుంచి లెక్కేస్తోంది. అక్కణ్ణుంచి పూర్తిగా తెరుచుకోవడానికి తొలిచూలుకి 12 గంటలు, తర్వాతి కాన్పులకి 10 గంటలు దాటకపోవడం మామూలు. అంతకుముందు సాగే దశకి మాత్రం ఇంత అని లెక్క లేదు. ఒక్కోసారి రోజంతా పడుతుంది. ఎక్కువమంది పొరపాటు చేసేది ఇక్కడే. మొదటి నొప్పికే శ్వాస వ్యాయామాలు మొదలుపెట్టి, నిద్ర మానేసి, అసలు కాన్పు వచ్చేసరికి డీలా పడిపోతారు. ఈ దశలో చేయాల్సింది గోరువెచ్చని స్నానం, తేలికపాటి తిండి, వీలైనంత నిద్ర.

ఎపిడ్యురల్‌కి ముందు చేతికి సెలైన్ పెడతారు. వీపు గుండ్రంగా వంచి, కదలకుండా కూర్చోవాలి లేదా పక్కకి తిరిగి పడుకోవాలి. నడుము ఎముకల మధ్య సూది దించి, సన్నని గొట్టం వదిలి, సూది తీసేస్తారు. పెట్టడానికి ఇరవై నిమిషాలు, పనిచేయడానికి మరో ఇరవై నిమిషాలు అనుకోండి. మందు సాధారణంగా 0.1 శాతం లేదా అంతకన్నా పలచని బుపివకెయిన్ అనే మొద్దుబార్చే మందు, దానితో కొద్దిగా ఫెంటనిల్ అనే నొప్పి మందు. బీపీ పడిపోవచ్చు, దురద, జ్వరం రావచ్చు, మూత్రం బిగుసుకుంటే గొట్టం వేయాల్సి రావచ్చు. ముక్కే దశ కొంత సాగుతుంది. సిజేరియన్ అవకాశం పెరుగుతుందన్న భయానికి మాత్రం పరిశోధనల్లో ఆధారం కనబడలేదు.

ఒక పక్కే మొద్దుబారితే “నాకు పనిచేయలేదు” అని ఊరుకోవద్దు. గొట్టం ఒక వైపుకి జారి ఉంటుంది. కొంచెం వెనక్కి లాగి, నొప్పి ఉన్న పక్కకి తిప్పి పడుకోబెట్టి, మరో డోసు ఇస్తారు. అప్పటికీ కుదరకపోతే మళ్లీ పెడతారు. సుమారు వందలో ఒకరికి సూది వెన్నుపాము చుట్టూ ఉండే పొరని చీల్చి, కూర్చుంటే పెరిగే, పడుకుంటే తగ్గే తలనొప్పి వస్తుంది. దానికీ చికిత్స ఉంది. రక్తం పలచబరిచే సూదులు వాడేవాళ్లు, ప్లేట్‌లెట్లు తక్కువున్నవాళ్లు మత్తు డాక్టరుతో ముందే మాట్లాడాలి. అలాంటి సూదుల్లో ఒకటైన ఎనోక్సాపరిన్ చిన్న డోసు తర్వాత 12 గంటలు, పెద్ద డోసు తర్వాత 24 గంటలు ఆగాకే ఎపిడ్యురల్ పెట్టాలి.

కాన్పు నొప్పికి పీల్చే గ్యాస్ అంటే సగం నైట్రస్ ఆక్సైడ్, సగం ఆక్సిజన్. మాస్కు తల్లే పట్టుకోవాలి, ఇంకొకరు అదిమి పట్టకూడదు. నొప్పి పతాకస్థాయికి చేరాక పీలిస్తే లాభం లేదు. మందు ఎక్కడానికి అర నిమిషం నుంచి నిమిషం పడుతుంది కాబట్టి, నొప్పి ఎగదన్నుతున్నట్టు తెలియగానే మొదలెట్టాలి. తల తిరగడం, వాంతి ఉంటాయి గానీ మాస్కు తీసిన కాసేపటికే తగ్గిపోతాయి. పెథిడిన్ అనే నొప్పి మందు సూది మగత తెస్తుంది, నొప్పిని పూర్తిగా తీయదు. కాన్పు ఇంక కొన్ని గంటల్లోనే ఉందనగా ఇస్తే బిడ్డ పుట్టగానే ఊపిరి మందగించవచ్చు, అందుకే బిడ్డ వచ్చేవేళ దగ్గరపడితే ఇవ్వరు.

మందుల్లేని కాన్పంటే చేతులు కట్టుకు కూర్చోవడం కాదు, నిజానికి దీనికే ఎక్కువ ఏర్పాట్లు కావాలి. పక్కన వదలకుండా ఒక మనిషి ఉండాలి. వెల్లకిలా పడుకోకుండా నిలబడటం, నడవడం, మోకాళ్లూ చేతులూ ఆన్చి వంగడం మొదటి దశని కొంత కుదిస్తాయి. బిడ్డ తల వెనకభాగం తల్లి వెన్నుకి ఆనుకుని నడుము పగిలిపోతుంటే, నడుము కింది ఎముకని అరచేతి కింది భాగంతో గట్టిగా నొక్కాలి, నొప్పి పోయేదాకా వదలకూడదు. అక్కడే నాలుగుచోట్ల చర్మంలోకి స్టెరైల్ నీళ్లు ఎక్కించే పద్ధతీ ఉంది. అర నిమిషం కందిరీగ కుట్టినట్టు మండి, తర్వాత గంట, రెండు గంటలు ఊరట. టబ్బు నీళ్లయితే 37.5 డిగ్రీలు దాటకూడదు. నొప్పులు పెంచే ఆక్సిటోసిన్ డ్రిప్ పెడితే నొప్పులు ఒకదాని మీద ఒకటి వచ్చిపడతాయి. అప్పుడు మనసు మార్చుకోవడం ఓటమి కాదు.

ఎనిమిది, తొమ్మిది సెంటీమీటర్ల దగ్గర వణుకు, వాంతి, “ఇక నా వల్ల కాదు” అన్న మాట దాదాపు అందరి నోటా వస్తాయి. అప్పుడు ముందు పరీక్ష చేయించండి. ముఖద్వారం పూర్తిగా తెరుచుకుంటే ఎపిడ్యురల్ పనిచేసేలోపే బిడ్డ రావచ్చు, ఐదు దగ్గరే ఉంటే అడగడమే తెలివి. మందు వద్దని ముందే అనుకున్నవాళ్లు నిజంగా కావాలన్నప్పుడు చెప్పడానికి తోడున్నవాళ్లతో ఒక గుర్తుమాట పెట్టుకుంటే మంచిది. “నా వల్ల కాదు” అనేది ఆ మాట కాకూడదు.

ఒకటి మాత్రం తరచూ మర్చిపోతారు: మందుల్లేకుండా కన్నా, కుట్లు వేసేముందు మొద్దుబార్చే సూది అడిగి వేయించుకోవాలి. సూది దిగాక రెండు మూడు నిమిషాలు ఆగకుండా కుట్టు మొదలెడితే నొప్పి తెలుస్తూనే ఉంటుంది. అప్పుడు ఓర్చుకోకుండా ఆపమని చెప్పండి.