కొలిస్టిన్ నిరోధకత: విద్యుదావేశం పట్టుకుంటే పాఠం పట్టుబడినట్టే

మైక్రోబయాలజీ పోటీ పరీక్షలకు చదువుతున్న మిత్రులకు ఒక మాట. మందులకు లొంగని బాక్టీరియా అనగానే అందరం పెన్సిలిన్ వంటి మందులను విరగ్గొట్టే ఎంజైములైన బీటా లాక్టమేజ్‌ల మీద పడతాం. కొలిస్టిన్, పాలీమిక్సిన్ బి వంటి పెప్టైడ్ మందులను చివరికి వదిలేస్తాం. నేను మాత్రం వాటికి కావాలనే ఎక్కువ సమయం ఇచ్చాను. ఇక్కడ జన్యువుల పేర్లు ఎన్ని ఉన్నా చాలావాటి వెనకున్న తర్కం ఒక్కటే: విద్యుదావేశం.

పుస్తకం మూసి, గ్రామ్ నెగెటివ్ బాక్టీరియా బయటి పొరలో ఉండే లిపిడ్ ఎ అణువు బొమ్మ వేయండి. రెండు గ్లూకోజమైన్ చక్కెరలు, చెరో ఫాస్ఫేటు, కింద కొవ్వు ఆమ్లాల తోకలు. ఫాస్ఫేట్లది రుణావేశం. పక్కపక్క అణువులను మెగ్నీషియం, కాల్షియం అయాన్లు కలిపి ఉంచుతాయి. ధనావేశమున్న కొలిస్టిన్ ఆ అయాన్లను నెట్టేసి ఫాస్ఫేట్లను అంటుకుంటుంది, పొరను ఛిద్రం చేస్తుంది. మందుకు పట్టు దొరకకూడదంటే ఆ ఫాస్ఫేట్లను కప్పేయాలి. గ్రామ్ నెగెటివ్ బాక్టీరియా చేసే పని అదే. ధనావేశమున్న అమైనో అరబినోజ్‌నో, ఫాస్ఫోఇథనాలమైన్‌నో తెచ్చి అక్కడ అతికిస్తాయి. బొమ్మ మీద ఆ అతుకు మీ చేత్తో వేసి చూడండి, ఇక మరిచిపోరు.

ఈ మార్పుకు ఆదేశాలిచ్చేవి ఫోపీ-ఫోక్యూ, పీఎంఆర్ఏ-పీఎంఆర్‌బీ అనే నియంత్రక ప్రోటీన్ల జంటలు. క్లెబ్సియెల్లాలో ఎంజీఆర్‌బీ జన్యువు చెడితే ఫోపీ-ఫోక్యూకు కళ్లెం ఉండదు. ఇవన్నీ క్రోమోజోమ్‌లో వచ్చే ఉత్పరివర్తనాలు కాబట్టి ప్రధానంగా ఆ కణం సంతతికే సంక్రమిస్తాయి. 2015 నవంబరులో చైనా నుంచి వెలువడిన ఎంసీఆర్-1 అనే నిరోధక జన్యువు వార్త ప్రపంచాన్ని కలవరపెట్టింది ఇందుకే. అది క్రోమోజోమ్‌కు వేరుగా ఉండే చిన్న డీఎన్ఏ వలయమైన ప్లాస్మిడ్ మీద ఉంది, ఒక బాక్టీరియా నుంచి మరో జాతికీ పాకగలదు. చేసే పని మాత్రం పాతదే, ఫాస్ఫోఇథనాలమైన్ అతికించడం. ఈ తేడా స్పష్టంగా రాయగలిగితే వ్యాసరూప ప్రశ్నలో సగం పని అయిపోయినట్టే.

అసినిటోబాక్టర్ బామనీ మరింత సాహసం చేస్తుంది. లిపిడ్ ఎ తయారీకి కావలసిన ఎల్‌పీఎక్స్ జన్యువుల్లో మార్పులతో కొన్ని రకాలు, లిపిడ్ ఎ భాగంగా ఉండే లిపోపాలీశాకరైడ్‌నే పూర్తిగా వదిలేస్తాయి. లక్ష్యమే లేకపోతే మందు దేనిని పట్టుకుంటుంది? నాకు ఈ పాఠంలో అన్నిటికన్నా నచ్చిన భాగం ఇది.

స్టెఫైలోకాకస్ ఆరియస్‌కు లిపిడ్ ఎ లేదు, తర్కం మాత్రం మారదు. ఎంపీఆర్ఎఫ్ ఎంజైము పొరలోని ఫాస్ఫటిడైల్ గ్లిసరాల్‌కు లైసిన్ చేరుస్తుంది, డీఎల్‌టీ జన్యువులు కణ కవచంలోని టైకోయిక్ ఆమ్లానికి డి-అలనిన్ చేరుస్తాయి. రెండూ రుణావేశాన్ని తగ్గించేవే. మన శరీరం తయారుచేసే, సూక్ష్మజీవులను చంపే పెప్టైడ్లయిన డిఫెన్సిన్‌ల నుంచి కూడా ఇవి బాక్టీరియాకు రక్షణ ఇస్తాయి.

ప్రోటియస్, సెర్రేషియా కొలిస్టిన్‌కు సహజంగానే లొంగవు. వీటిని విడిగా రాసుకోండి. ప్రాక్టికల్ ప్రశ్నల కోసం ఇంకొకటి: కొలిస్టిన్ పెద్ద అణువు, అగార్‌లో సరిగా వ్యాపించదు. అందుకే అగార్ మీద మందు బిళ్ల పెట్టి చేసే డిస్క్ పరీక్షను నమ్మరాదు, ద్రవ మాధ్యమంలో మందును వేర్వేరు గాఢతల్లో కలిపి చూసే బ్రాత్ మైక్రోడైల్యూషన్ చేయాలి.