ఒక్క డిగ్రీకి 40 ఫెమ్టోసెకన్లు

మే, ఆదివారం. విజయవాడ.

పొద్దున అమ్మతో పటమట రైతుబజారుకి వెళ్లొచ్చి, టిఫిన్ కానిచ్చి, ల్యాబ్ నుంచి తెచ్చుకున్న గ్రాఫులు ముందేసుకునేసరికి పది దాటింది. సెలవులకని ఇంటికొచ్చానే గానీ మనసంతా వాటి మీదే ఉంది. రెండు లేజర్ పల్సులు, అంటే రెండు చిటికె వెలుగులు, ఒకేసారి కలవాలి. వాటి మధ్య టైమింగ్ జారితే అద్దం జరిపి దానంతటదే సరిచేసే ఏర్పాటు ఉంది, దాన్ని లూపు అంటాం. ఆ లూపు ఆపేసి రికార్డు చేసిన టైమింగ్ అది. రాత్రంతా నిలకడగా ఉన్న గీత, తెల్లారి ల్యాబ్‌లో మనుషుల అలికిడి మొదలయ్యాక ఒక పక్కకి జారుతూ పోయింది. ఏసీ ఆగి మళ్లీ మొదలైనప్పుడల్లా ఊగింది కూడా.

మా పనిలో ఒక పల్సుకి శక్తినిచ్చేది ఇంకో పల్సు. దాన్ని పంపు అంటాం. టైటానియం సఫైర్ స్ఫటికమైతే తీసుకున్న శక్తిని 3 మైక్రోసెకన్ల దాకా దాచుకుంటుంది. అసలు పల్సు కాస్త వెనకాముందూ వచ్చినా పర్వాలేదు. మేం వాడే పారామెట్రిక్ పద్ధతిలో, అంటే పంపు శక్తి స్ఫటికంలో నిలవకుండా నేరుగా అసలు పల్సుకి చేరే పద్ధతిలో, ఆ దాచుకోవడం లేదు. పంపు స్ఫటికంలో ఉన్నంతసేపే ఏదైనా. మా పంపు నిడివి ఒకట్రెండు పికోసెకన్లు. పికోసెకను అంటే సెకనులో లక్ష కోట్లవ వంతు. ఫెమ్టోసెకను అందులో వెయ్యో వంతు. పైగా అసలు పల్సుని ముందు సాగదీస్తాం, బలం పెంచాక మళ్లీ కుదిస్తాం. 1985లో రోచెస్టర్‌లో స్ట్రిక్‌లాండ్, మూరూ చూపించిన దారి ఇది, 2018లో వాళ్లకి నోబెల్ తెచ్చింది. సాగిన పల్సులో ఒక్కో రంగూ ఒక్కో సమయానికి వస్తుంది కాబట్టి, టైమింగ్ జారితే బలం తగ్గడమే కాదు, ఏ రంగులు పెరుగుతాయో అదీ మారిపోతుంది.

మధ్యాహ్నం పిన్ని కొడుకు వచ్చాడు. ఇంటర్ రెండో ఏడు, ఎంపీసీ. గ్రాఫు చూసి, “అక్కా, ఇంత చిన్న టైమ్‌ని కొలిచే గడియారం ఎక్కడుంది?” అన్నాడు. ఎంత సంతోషమేసిందో! అసలు అడగాల్సింది అదే.

అలాంటి గడియారం లేదురా, పల్సుని పల్సుతోనే కొలుస్తాం అని చెప్పి కాగితం తీశాను. రెంటినీ బీబీఓ అనే స్ఫటికంలోకి పంపితే, రెండూ ఒకేసారి అక్కడున్నప్పుడే కొత్త రంగు పుడుతుంది. తరంగదైర్ఘ్యం 800 నానోమీటర్లున్న వెలుగూ 1030 ఉన్నదీ కలిస్తే 450 దగ్గర నీలం. ఆ నీలం కనపడిందంటే రెండూ కలిశాయన్నట్టే. కానీ ఒక్క నీలంతో చిక్కుంది. అది మసకబారితే టైమింగ్ జారిందా, లేజరే తగ్గిందా తెలీదు. ఏ పక్కకి జారిందో అంతకన్నా తెలీదు. అందుకని రెండు స్ఫటికాలు పెడతాం. ఒకదాంట్లో పంపుని కాస్త ముందుకి, రెండోదాంట్లో అంతే వెనక్కి జరిపి, రెండు నీలాల తేడా చూస్తాం. లేజర్ తగ్గితే రెండూ కలిసే తగ్గుతాయి, తేడా సున్నాలోనే ఉంటుంది. టైమింగ్ జారితే ఒకటి పెరిగి ఇంకోటి తగ్గుతుంది. వాడు పెన్సిల్ లాక్కుని రెండు కొండలు గీసి, ఒకదాన్నుంచి ఒకటి తీసేసి, సున్నా దగ్గర నిటారుగా దాటే గీత వాడే వేశాడు. “అంటే ఇక్కడ ప్లస్సా మైనస్సా చూస్తే అద్దం ఎటు జరపాలో తెలిసిపోద్ది కదా అక్కా!” సరిగ్గా అంతే. అద్దం 1 మైక్రాన్ జరిగితే పోనూ రానూ 2 మైక్రాన్లు, దాదాపు 7 ఫెమ్టోసెకన్లు.

వాడు వెళ్లబోతే వీధి గేటు గడియ పట్టేసింది. పొద్దున జారినట్టు పడేది, ఎండెక్కాక ఇనుము సాగి కన్నానికి కుదరదు. టేబుల్ మీదా ఇదే కథ. మీటరు ఉక్కు ఒక్క డిగ్రీకి 12 మైక్రాన్లు సాగుతుంది. వెలుగుకి అది 40 ఫెమ్టోసెకన్ల ప్రయాణం. కుదించాక మా పల్సు మొత్తం నిడివే 30 ఫెమ్టోసెకన్లు. రెండు పల్సులూ ఒకే ఆసిలేటర్ నుంచి, అంటే పల్సులు పుట్టించే మొదటి లేజర్ నుంచి వచ్చినవే, అయినా పంపుది చాలా పెద్ద దారి. దాని బలం పెంచే రీజెనరేటివ్ ఆంప్లిఫయర్ అద్దాల మధ్య వందసార్లు తిరిగొచ్చేసరికి దాదాపు 200 మీటర్లు అవుతుంది. ఉక్కు లెక్కన డిగ్రీకి 8 పికోసెకన్లు! ఒక్క గాలి వల్లే, దాని వక్రీభవన గుణకం డిగ్రీకి పది లక్షల్లో ఒక వంతు మారినా, 650 ఫెమ్టోసెకన్ల పైచిలుకు.

సాయంత్రం గది ఉష్ణోగ్రత రికార్డుని గ్రాఫు మీద పెట్టి చూశాను. మెల్లగా జారిన భాగం బేస్‌ప్లేటు (అద్దాలు బిగించిన అడుగు పలక) వేడితో అచ్చంగా కలిసింది. ఊగిందల్లా ఏసీ గాలి. ల్యాబ్‌లో అద్దాన్ని ఇంకా వేగంగా కదిపే స్టేజీ కొందామన్న మాట నడుస్తోంది. నాకది సరిగ్గా అనిపించడం లేదు. మా పంపు సెకనుకి 10 సార్లే కొడుతుంది. రెండు పల్సుల మధ్య గాలి ఏం చేసిందో లూపుకి తెలిసే దారే లేదు, అద్దం ఎంత చురుగ్గా కదిలితే ఏం లాభం? ముందు గాలిని ఆపాలి.

భోజనాలయ్యాక జూనియర్‌కి మెసేజ్ పెట్టాను: పంపు కిరణం దారంతా అక్రిలిక్ పెట్టెలతో మూసెయ్, ఏసీ గాలి టేబుల్ మీద పడకుండా అడ్డు కట్టు, బేస్‌ప్లేటు వేడి మారకుండా చిల్లర్ (నీళ్లని చల్లబరిచి తిప్పే యంత్రం) నీళ్లు పెట్టు, తర్వాత లూపు ఆపి ఒక రాత్రీ పగలూ రికార్డు చెయ్. రేపు పెట్టెలకి కొలతలు తీసుకుంటానన్నాడు.