నాలుగు టింపనీ దెబ్బలతో మొదలయ్యే కాన్చెర్టో

కర్ణాటక కచేరీలకు అలవాటుపడి, సింఫనీ ఆర్కెస్ట్రా ముందు తొలిసారి కూర్చోబోయేవాళ్లు బీథోవెన్ వయొలిన్ కాన్చెర్టో (ఒక వయొలిన్ ముందుండి ఆర్కెస్ట్రాతో కలిసి వాయించే మూడు భాగాల కృతి) ఉన్న సాయంత్రాన్ని ఎంచుకుంటే మంచిది. 1806 డిసెంబరు 23న వియన్నాలో ఫ్రాంజ్ క్లెమెంట్ దీన్ని తొలిసారి వాయించాడు. ఆ తర్వాత చాలాకాలం మూలనపడింది. 1844లో లండన్‌లో మెండెల్సన్ కండక్టరుగా, పన్నెండేళ్ల యోసెఫ్ యోహాకిమ్ వాయించాక దీని దశ తిరిగింది.

ముందుగా ఓబో (నాదస్వరంలా ఊదే వాద్యం) 'ఎ' స్వరం ఇస్తుంది, మిగతావాళ్లంతా దానికి శ్రుతి చేసుకుంటారు. చాలా ఆర్కెస్ట్రాల్లో అది 440 లేదా 442 హెర్ట్‌జ్.

మొదలుపెట్టేది వయొలిన్ కాదు, టింపనీ, అంటే శ్రుతి చేసిన పెద్ద గిన్నె డోళ్లు. మెల్లగా నాలుగు దెబ్బలు, ఐదో దెబ్బ మీద ఓబోలు అందుకుంటాయి. ఆ నాలుగు దెబ్బల్లోనే లయ, కాలం ఖాయమైపోతాయి. తోలు టింపనీ అయితే హాలులో తేమ పెరిగితే శ్రుతి దిగుతుంది. కప్పిపుచ్చడానికి వేరే వాద్యం లేదు కాబట్టి తేడా వస్తే అందరికీ తెలిసిపోతుంది. పదో బారులో (బారు అంటే మన ఆవర్తనం లాంటి తాళపు గడి) అదే నాలుగు దెబ్బల లయను వయొలిన్లు డి-షార్ప్ అనే స్వరం మీద వాయిస్తాయి. ఆ స్వరం అక్కడ బొత్తిగా పరాయిది, చెవి ఉలిక్కిపడాలి.

సోలో, అంటే ప్రధాన వయొలిన్, వచ్చేది 89వ బారులో. అంటే మూడు నిమిషాలకు పైగా సోలోయిస్టు ఊరికే నిలబడాలి. ఈలోగా వేళ్లు బిగుసుకుంటాయి, స్టేజి లైట్ల వేడికి తీగల శ్రుతి జారుతుంది. ఆర్కెస్ట్రా గట్టిగా వాయించేటప్పుడు తీగ మీటి చూసుకునేవాళ్లు కనిపిస్తే అందుకే. పైగా తొలి ప్రవేశమే పైకి పాకే ఆక్టేవులు (ఒకే స్వరం కింది, పై స్థాయుల్లో): రవ్వంత అపశ్రుతి కూడా దాక్కోలేదు.

మొదటి భాగం చివర కాడెంజా, ఆర్కెస్ట్రా ఆగి సోలోయిస్టు ఒక్కరే వాయించే చోటు. తని ఆవర్తనంలా అప్పటికప్పుడు అల్లుతారనుకోవద్దు. ఈ రోజుల్లో దాదాపు అందరూ రాసిపెట్టిందే వాయిస్తారు, ఎక్కువగా వయొలిన్ విద్వాంసుడు క్రైస్లర్‌ది. బీథోవెన్ వయొలిన్‌కు కాడెంజా రాయలేదు కానీ, ఇదే కృతిని పియానోకు మార్చినప్పుడు టింపనీతో జుగల్బందీ లాంటిది రాశాడు. వయొలిన్ విద్వాంసుడు ష్నైడర్‌హాన్ దాన్ని వయొలిన్‌కు మలిచాడు. నాకదే నచ్చుతుంది, ఆ నాలుగు దెబ్బలు మళ్లీ వినపడతాయి మరి. కాడెంజా ముగిశాక ఆర్కెస్ట్రా తీగల్ని వేళ్లతో మీటుతుంటే, సోలో మెల్లగా కింది తీగల మీద రెండో ఇతివృత్తాన్ని, అంటే ఈ భాగంలోని రెండో ముఖ్య బాణీని, పాడుతుంది. చాలామంది కాడెంజా మురిపెంలో దీన్ని వదిలేసుకుంటారు.

రెండో భాగంలో అసలు పాట సోలోది కాదు. క్లారినెట్, ఆ తర్వాత బసూన్ (మంద్రంగా పలికే ఊదే వాద్యం) పాట అందుకుంటే సోలో దానిచుట్టూ సంగతులు వేస్తుంది. ముందు వరసల్లో కూర్చుంటే సంగతులే వినిపించి పాట దూరమైపోతుంది. హాలు మధ్యన గానీ బాల్కనీ ముందువరసలో గానీ టికెట్టు తీసుకోండి. రెండో భాగం నుంచి మూడోది ఆగకుండా అందుకుంటుంది కాబట్టి దగ్గుకు కూడా సందు దొరకదు. చప్పట్లు మూడో భాగం అయ్యాకే.

తీగ తెగితే? సోలోయిస్టు కాన్సర్ట్ మాస్టర్ (ఆర్కెస్ట్రా వయొలిన్ల పెద్ద) వయొలిన్ తీసుకుని వాయించేస్తారు. 1986లో అమెరికాలోని టాంగిల్‌వుడ్ సంగీతోత్సవంలో పద్నాలుగేళ్ల వయొలినిస్టు మిడోరికి బెర్న్‌స్టీన్ కృతి వాయిస్తుండగా పైతీగ రెండుసార్లు తెగింది. రెండోసారి తెగింది అరువు తెచ్చుకున్న వయొలిన్‌దే. మూడో వయొలిన్ మీద పూర్తిచేసింది.