రీఫండు ఎవరిది?

విశాఖలో మా అమ్మానాన్నలు ఉండే వీధికి అమెరికా పన్నుల క్యాలెండరు బాగా తెలుసు. ఫిబ్రవరి వస్తే "ఫైలింగ్ అయిందా బాబూ?" అని ఫోనులో పలకరింపు. మార్చి దాటితే "వచ్చిందా?" అని. ఏది వచ్చిందో ఎవరూ విడిగా చెప్పనక్కరలేదు. ఎంవీపీ కాలనీలో ఆ వరుసలో దాదాపు ఇంటికొకరు అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో ఉన్నారు. ఎవరి డబ్బుతో ఏ ఇంటికి పై అంతస్తు లేచిందో, ఎవరి గేటు మారిందో అందరికీ తెలుసు. అమెరికాలో ఉద్యోగం చేసే నేను ఏప్రిల్‌లో సెలవు మీద వచ్చేసరికి నా రీఫండు మీద, అంటే ఎక్కువ పట్టుకుని తిరిగి ఇచ్చే పన్ను డబ్బు మీద, మా ఇంట్లో ఒక్కొక్కరికి ఒక్కో అభిప్రాయం సిద్ధంగా ఉంది.

అమ్మ దృష్టిలో అది బోనస్. నేను బాగా పనిచేసినందుకు ప్రభుత్వం మెచ్చి ఇచ్చిందన్నట్టు చెబుతుంది. ఆమెను సరిదిద్దాలని నేను ఎప్పుడూ గట్టిగా ప్రయత్నించలేదు, ఆ మాటలో నాకూ కొంత గొప్ప దక్కుతుంది కదా. నాన్న స్టీల్ ప్లాంటులో పనిచేసి రిటైరైనవారు. ఏటా జీతం, పట్టిన పన్ను వివరాలుండే ఫారం 16 చేతికందగానే పెన్సిలుతో కూడి చూసుకుని, పట్టుకున్న పన్నుకూ కట్టాల్సిన పన్నుకూ తేడా లేకపోతే సంతోషించేవారు. రీఫండు వచ్చిందంటే ఎక్కడో ఎవరో లెక్క తప్పారని ఆయన నమ్మకం. "అంత తిరిగి వచ్చిందంటే, అసలు అంత ఎందుకు పట్టనిచ్చావు?" అంటారు.

అడగాల్సిన ప్రశ్నే. అమెరికాలో జీతం చేతికి రాకముందే పన్ను కోసుకునే పద్ధతి రెండో ప్రపంచ యుద్ధం మధ్యలో, 1943లో చట్టమైంది. ఉద్యోగంలో చేరగానే డబ్ల్యూ-4 అనే ఫారం నింపుతాం. పెళ్లయిందా, పిల్లలున్నారా, ఇంట్లో ఇంకొకరు సంపాదిస్తున్నారా అన్నదాన్ని బట్టి ప్రతి జీతంలో ఎంత కోయాలో కంపెనీ లెక్క వేస్తుంది. జనవరి నెలాఖరులోపు, ఏడాది జీతం, కోసిన పన్ను చూపే డబ్ల్యూ-2 ఇస్తుంది. ఏప్రిల్ 15లోపు మనం అసలు లెక్క చెప్పాలి. ఎక్కువ కోసి ఉంటే తిరిగి ఇస్తారు. ఆన్‌లైన్‌లో వేసి బ్యాంకు ఖాతా నంబరు ఇచ్చినవారిలో ఎక్కువమందికి 21 రోజుల్లోపే జమ అవుతుంది. ఇటీవలి సంవత్సరాల్లో సగటు రీఫండు సుమారు 3,000 డాలర్లు. మా వీధిలో దాన్ని వెంటనే రూపాయల్లోకి మార్చి, రెండున్నర లక్షల పైమాటేనని చెప్పుకుంటారు.

మనవాళ్లు ఆ డబ్ల్యూ-4 నింపేది మొదటి వారంలో. గుర్తింపు కార్డు, ఆరోగ్య బీమా, బ్యాంకు వివరాలు, అద్దె ఇంటి వేట అన్నీ ఒకేసారి మీద పడే వారమది. ఒంటరి అనే గడిలో టిక్కు పెట్టి మరిచిపోతారు. తరువాత సెలవు పెట్టి వచ్చి విశాఖలో పెళ్లి చేసుకుని వెళతారు, టిక్కు మాత్రం అక్కడే ఉంటుంది. పన్ను లెక్కకు డిసెంబరు 31న పెళ్లయి ఉన్నామా లేదా అన్నదొక్కటే లెక్క. ఆ రోజున అయి ఉంటే ఏడాదంతా అయినట్టే, భార్యతో కలిపి రిటర్ను వేస్తే పన్ను తగ్గవచ్చు. ఈ సంగతి తెలిసిన మా స్నేహితుడొకడు పెళ్లి ఎలాగైనా ఆ ఏడాదే జరగాలని పట్టుబట్టాడు. వాళ్ల పురోహితుడికి మాత్రం డిసెంబరు సగం నుంచి ధనుర్మాసం, ముహూర్తాలుండవు. డిసెంబరు మొదటి వారంలోనే సింహాచలం అప్పన్న సన్నిధిలో తాళి కట్టించారు. పెళ్లికూతురి వైపువాళ్లకు ఆ తొందర దేనికో చివరిదాకా అర్థం కాలేదు.

అదే పన్ను లెక్క విశాఖలో ఉన్న తల్లిదండ్రులను ఆధారపడినవారిగా ఒప్పుకోదు. కెనడాలోనో మెక్సికోలోనో నివసించేవారైతే దారి ఉంది, ఇండియాలో ఉంటే లేదు. నెలనెలా మందులకు ఎంత పంపినా ఆ ఫారంలో దానికి గడి లేదు. పిల్లల సంగతి ఇంకా చిత్రం. 2024 లెక్కల్లో అక్కడ పుట్టి సోషల్ సెక్యూరిటీ నంబరు (అక్కడి ప్రభుత్వమిచ్చే గుర్తింపు సంఖ్య) ఉన్న బిడ్డకు 2,000 డాలర్ల దాకా పన్ను తగ్గేది. ఇక్కడ పుట్టి, ఉద్యోగి భార్యాబిడ్డలకిచ్చే హెచ్-4 వీసా మీద వెళ్లిన అన్నకు ఆ నంబరు ఉండదు కాబట్టి 500. ఒకే కంచంలో తినే పిల్లలు!

జనవరి నుంచి, రిటర్నులు వేసిపెట్టే కంపెనీల ఫోన్లు మొదలవుతాయి. "సార్, మీ రీఫండు ఎంత వస్తుందో ఉచితంగా చూసి చెబుతాం" అని చక్కటి తెలుగులో. అక్కడ మాకు రాత్రి ఏడు గంటలు, ఫోను చేసేవారికి తెల్లవారుజాము ఐదున్నర. ఒకసారి ఏ ఊరమ్మా అని అడిగితే సీతమ్మధార అంది ఆ అమ్మాయి. నిద్రమాని నా డబ్బు గురించి ఆలోచిస్తున్న ఆమె మీద నాకు కోపం రాలేదు. ఆమె వెనుక ఉన్నవారి లెక్కల మీదే అనుమానం. మిగతావారికంటే ఎక్కువ రప్పిస్తామనేవారు ఇవ్వని విరాళాలు ఇచ్చినట్టు రాస్తారు. ఆ రిటర్ను మీద సంతకం మనది, రేపు నోటీసు వచ్చేదీ మనకే.

అభిప్రాయాల్లో నాకు బాగా నచ్చింది మా పిన్నిది. కంచరపాలెంలో చాలాకాలంగా చీటీలు నడుపుతోంది. నేను చెప్పిందంతా విని, "అంటే నెలనెలా నీ చేత చీటీ కట్టించుకుని, ఏడాది చివర పాట లేకుండా అసలు మాత్రం చేతిలో పెడుతున్నారు. డివిడెండు లేదు. మధ్యలో అవసరమొస్తే పాడుకునే వీలూ లేదు. ఇలాంటి చీటీ నేను వేస్తే మా వీధిలో ఒక్కరు చేరరు నాయనా" అంది. కాసేపాగి తనే, "అయినా చీటీ కట్టేవాళ్లందరూ లాభానికే కట్టరులే. చేతిలో ఉంటే మిగలదని కట్టేవాళ్లే ఎక్కువ" అంది.

దుబాయిలో ఉండే బావకు ఈ చర్చలో చోటే లేదు. అక్కడ జీతం మీద పన్ను లేదు, తిరిగి ఇచ్చేదీ లేదు. ఉద్యోగం మానేసిన రోజున గ్రాట్యుటీ ఇస్తారు, మొదటి ఐదేళ్లకు ఏడాదికి 21 రోజుల మూల వేతనం, ఆపైన 30 రోజులది. ఆయన ఆశలన్నీ దాని మీదే.

కాలిఫోర్నియాలో పనిచేసే మా కాలేజీ స్నేహితుడూ ఇదే సమయానికి ఊళ్లో ఉన్నాడు. సాయంత్రం బీచ్ రోడ్డులో కురుసురా జలాంతర్గామి దగ్గర కూర్చున్నాం. రీఫండు తెచ్చుకునేవాళ్లంటే వాడికి జాలి. "ప్రభుత్వానికి వడ్డీ లేని అప్పు ఇచ్చి, తిరిగి ఇస్తే స్వీట్లు పంచుతారు" అంటాడు. వాడు డబ్ల్యూ-4ను ఎప్పటికప్పుడు సవరిస్తూ ఏప్రిల్‌లో తానే కొంచెం కట్టేలా చూసుకుంటాడు. కట్టాల్సింది 1,000 డాలర్లలోపైనా, లేదా ఈ ఏడాది పన్నులో 90 శాతమో పోయిన ఏడాది పన్నంతానో ముందే పట్టి ఉన్నా జరిమానా ఉండదు. జీతం పెద్దదైతే ఆ రెండోది 110 శాతం. ఈ నియమాలన్నీ వాడికి కంఠతా వచ్చు. అయితే ఒక ఏడాది కంపెనీ షేర్లు ఎక్కువగా వచ్చాయి. వాటి మీద కంపెనీ కోసేది 22 శాతమే, వాడి శ్లాబు 32. ఆ ఏప్రిల్‌లో కట్టిన మొత్తం ఎంతో మాత్రం వాడు చెప్పలేదు.

వాడన్న వడ్డీ ఎంతో లెక్క కట్టి చూశాను. 3,000 డాలర్ల రీఫండు అంటే నెలకు 250 చొప్పున ఎక్కువ పోయినట్టు. ఏడాది పొడుగునా సగటున 1,500 డాలర్లు మన దగ్గర లేవు. సేవింగ్స్ ఖాతాలో నాలుగు శాతం వస్తుందనుకుంటే 60 డాలర్లు. మార్చి మధ్యలో డబ్బు వచ్చేదాకా ఇంకో పాతిక. మొత్తం 85 డాలర్లు. ఇంతదానికి ఒక సాయంత్రమంతా వాదించుకున్నాం. కానీ గాజువాకలో ఇల్లు తాకట్టు పెట్టి పన్నెండు శాతానికి చదువు అప్పు తెచ్చుకున్న కుర్రాడికి అదే డబ్బు ఖరీదు 250 డాలర్లు దాటుతుంది. ఒకవైపు బ్యాంకుకు వడ్డీ కడుతూ ఇంకోవైపు ఊరికే అప్పిస్తున్నాడు కనుక. అలాంటివాడు ఈ రోజే డబ్ల్యూ-4 మార్చుకోవాలి. అప్పు లేనివాడిని మాత్రం విసిగించనక్కరలేదు.

వడ్డీ విషయంలో నాన్నకు ఇంకో సంతృప్తి కూడా దొరికింది. మన దేశంలో గడువులోపు రిటర్ను వేస్తే రీఫండు మీద నెలకు అర శాతం వడ్డీ ఇస్తారు, అది కట్టాల్సిన పన్నులో పది శాతమైనా ఉంటే. అమెరికాలో గడువు తేదీ నుంచి 45 రోజుల్లోపు ఇచ్చేస్తే వడ్డీ ప్రసక్తే లేదు. "చూశావా!" అన్నారు. ఆ రోజంతా ఉల్లాసంగా ఉన్నారు.

ఖర్చు సంగతికొస్తే, నేనెరిగిన ఇళ్లలో ఆ డబ్బు ఎక్కువగా వెళ్లేది విమానం టిక్కెట్లకు. పిల్లలకు సెలవులిచ్చే జూన్‌లోనే ధరలు మండిపోతాయి, రీఫండు సరిగ్గా కొనే సమయానికి అందుతుంది. కొందరు మధురవాడ ఫ్లాటు వాయిదాలకు పంపుతారు. మా వీధిలో ఒకాయన కంటి శుక్లాల ఆపరేషను కొడుకు రీఫండుతోనే జరిగింది. సముద్రపు గాలికి మా ఊళ్లో కిటికీ గ్రిల్లులు నిలవవు, వాటిని మార్చడం ఒక ఖర్చు. పెద్ద టీవీ కొన్న రూమ్మేటును అప్పట్లో అందరం ఆడిపోసుకున్నాం. ఇప్పుడు ఆలోచిస్తే, వాడి జీతంలో మిగతా ప్రతి డాలరుకూ ఎవరో ఒకరు ముందే పేరు పెట్టేశారు. అద్దె, అప్పు, చెల్లి పెళ్లి. ఎవరూ లెక్క అడగని డబ్బు ఏడాదికి అదొక్కటే.

మా ఇంట్లో మాత్రం ఆ డబ్బుకు హక్కుదారు ఉంది. నా భార్య ఇక్కడ ఒక ఇంజనీరింగ్ కాలేజీలో పాఠాలు చెప్పేది. హెచ్-4 మీద వచ్చాక పని చేయకూడదు. మామూలుగా భర్త గ్రీన్‌కార్డు దరఖాస్తు ఐ-140 అనే మెట్టు దాటితేనే అలాంటివారికి పని అనుమతి అడిగే వీలు 2015 నుంచి ఉంది, మాది చాలాకాలం ఆ మెట్టు ఎక్కలేదు. మా రిటర్ను తయారుచేసేది ఆమే. కాబట్టి ఏ అంకె ఎక్కడి నుంచి వచ్చిందో నాకంటే ఆమెకే బాగా తెలుసు.

నాన్న ఒకరోజు భోజనాల దగ్గర మళ్లీ మొదలుపెట్టారు. "ఆ ఫారంలో పెళ్లయిన గడికి మార్చుకుంటే నెలనెలా జీతంలోనే వచ్చేస్తుంది కదా" అని.

"వద్దు మావయ్యగారూ" అంది ఆమె. "నెలనెలా వస్తే అది ఆయన జీతంలో కలిసిపోతుంది. విడిగా వస్తేనే నాది అని తెలుస్తుంది."

నాన్న ముద్ద కలపడం ఆపారు. ఆమె వివరించింది. 2024లో ఒంటరివాడికి పన్ను లేకుండా వదిలేసే ఆదాయం 14,600 డాలర్లు, భార్యతో కలిసి వేస్తే 29,200. ఎక్కువైన ఆ 14,600 ఆమె పేరు చేర్చినందుకు వచ్చినదే. నా శ్లాబులో 22 శాతం చొప్పున అదొక్కటే 3,200 డాలర్లు, శ్లాబుల హద్దులు కూడా పెరుగుతాయి గనుక ఇంకా ఎక్కువే. "ఆ దేశం నన్ను పని చేయనివ్వదు. కానీ నేనున్నానని ఒప్పుకుని లెక్క కట్టేది ఆ ఒక్క కాగితంలోనే" అంది.

అమ్మ వెంటనే కోడలి పక్షం చేరిపోయింది. బోనస్ అన్న మాట ఆ తరువాత ఆమె నోట నేను వినలేదు. ఆ డబ్బు ద్వారకానగర్‌లోని బ్యాంకులో నా భార్య పేరు మీద, విదేశాల్లో ఉండే భారతీయులకిచ్చే ఎన్ఆర్ఈ ఖాతాలో ఉంటుంది. దాని వడ్డీకి ఇక్కడ పన్ను లేదు, అక్కడ ఉంది. ఇక్కడి ఖాతాలన్నీ కలిపి ఏ రోజైనా 10,000 డాలర్లు దాటితే ఆ సంగతి వేరే ఫారంలో చెప్పాలి. అదీ ఆమే నింపుతుంది. ఎక్కువ కోయించుకోవడానికి ప్రభుత్వానికి అభ్యంతరం లేదు కాబట్టి నా డబ్ల్యూ-4లో ఒంటరి అన్న టిక్కు అలాగే ఉంది. నా స్నేహితుడు దీన్ని తెలివితక్కువ అంటాడు. వాడు నష్టం లెక్క కట్టేది నా ఖాతా వైపు నుంచే.

మా ఐ-140 ఈ మధ్యే వచ్చింది. తిరిగి వెళ్లగానే పని అనుమతికి దరఖాస్తు పెడతాం. ఇద్దరికీ జీతాలు వస్తే కథ తిరగబడుతుంది. ఇద్దరం పెళ్లయిన గడిలో టిక్కు పెట్టి, ఇద్దరి డబ్ల్యూ-4లలోనూ రెండో ఉద్యోగం ఉందన్న గడి నింపకపోతే కోత చాలక ఏప్రిల్‌లో మేమే ఎదురు కట్టాల్సి రావచ్చు. ఆ మాట చెబితే, "కడదాం. నా జీతంలోంచి నేను కడతాను" అంది హుషారుగా.

నాన్న మాత్రం, "వెయ్యి డాలర్లు దాటితే జరిమానా అన్నాడు కదా మీ స్నేహితుడు, ముందే చూసుకోండమ్మా" అంటూ పెన్సిలు కోసం లేచారు.