ఆక్స్‌ఫర్డ్ మ్యూజియం నమూనా: స్తంభాల దాకా వచ్చింది

టెక్కలిలో మా మేడ మీద గదిలో ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ ప్రకృతి చరిత్ర మ్యూజియం నమూనా మొదలుపెట్టి ఐదు నెలలైంది. భవనం మొత్తం కాదు, మధ్యలోని గాజు కప్పు ప్రాంగణం మాత్రమే. అసలులో యాభయ్యో వంతు కొలత.

పైకప్పు రెండోసారి వేశాను. మొదట అల్యూమినియం తీగతో కమానులు వంచి పారదర్శక ప్లాస్టిక్ షీటు అతికిస్తే నాలుగు రోజులకే నడుము వంగింది. 1855లో శంకుస్థాపన జరిగిన అసలు భవనమూ ఈ కష్టం పడింది. ఇనుప పనుల నిపుణుడు స్కిడ్‌మోర్ సాగగొట్టిన ఇనుముతో (రాట్ ఐరన్) నిలిపిన తొలి చట్రం బరువు మోయలేకపోతే, దాన్ని విప్పేసి పోత ఇనుప స్తంభాలతో మళ్లీ కట్టారు. నేను పాత సైకిలు చక్రం ఊచలు వాడాను. ఇప్పుడు కదలడం లేదు.

నాకు ప్రాణం మాత్రం రాతి స్తంభాల మీదే. డీన్, వుడ్‌వర్డ్ రూపొందించిన ఆ భవనంలో ప్రాంగణం చుట్టూ 126 స్తంభాలు, ఒక్కొక్కటి బ్రిటన్, ఐర్లండ్‌లలో దొరికే ఒక్కో రాయి. భూగర్భ శాస్త్రవేత్త జాన్ ఫిలిప్స్ ఏరి పెట్టించారు. రాయి పేరు, దొరికిన చోటు కూడా అక్కడే రాసి ఉంటాయి. విద్యార్థి పుస్తకం తెరవకముందే రాయిని చేత్తో తడిమి తెలుసుకోవచ్చు. సైన్సు భవనమంటే ఇలాగే ఉండాలని నా గట్టి నమ్మకం.

అందుకే నా స్తంభాలకు మన రాళ్లే తీసుకుంటున్నాను: టెక్కలి నీలి గ్రానైటు, తూర్పు కనుమల ఖొండలైటు, గరివిడి వైపు మాంగనీసు ఖనిజం. గ్రానైటు ముక్కను 6 మిల్లీమీటర్ల సన్నానికి కోయిస్తే పలుకుల దగ్గర పుటుక్కున విరిగిపోయింది. దాంతో అదే మందం చెక్క పుల్లలకు ఫెవికాల్ రాసి రాతి రవ్వలో దొర్లిస్తున్నాను. మెత్తటి పొడి వాడకండి, రంగంతా బూడిదలా తేలిపోతుంది. టీ వడపోతలో పైన నిలిచే బరక రవ్వలోనే నీలం కనిపిస్తుంది. ఒక రోజంతా ఆరనిచ్చి, గరుకు కాగితంతో పొడిగానే రుద్ది, వార్నిష్ పూయాలి. రాతి ధూళి ఊపిరితిత్తులకు ప్రమాదం కాబట్టి జల్లించేటప్పుడూ రుద్దేటప్పుడూ మంచి మాస్కు తప్పనిసరి.

ఇప్పటికి 19 స్తంభాలు నిలబడ్డాయి. ఇక వాటి తలల మీద ఆకులు. అసలు భవనంలో వాటిని ఓషీ సోదరులనే రాతి శిల్పులు బొటానిక్ గార్డెన్ నుంచి తెచ్చిన మొక్కలను ఎదురుగా పెట్టుకుని చెక్కారట. నేను గోంగూర రెమ్మ పెట్టుకున్నాను. ఆకులు మలిచే ఎంసీల్ ముద్ద త్వరగా గట్టిపడుతుంది, ఒకసారికి శనగగింజంత మాత్రమే కలుపుతున్నాను.