అర లీటరు లెక్క

పదకొండున్నర అయింది. ఈయన నిద్రపోయారు. నేను కూర్చుని కారు ఆయిలు గురించి టైపు చేస్తున్నాను. నవ్వుకుంటే నవ్వుకోండి.

నిజానికి నిద్ర పట్టనివ్వనిది ఆయిలు కాదు, ఇవాళ మెకానిక్ షెడ్డులో ఆ కుర్రాడు చేసిన పని. కొత్త డబ్బా తెచ్చి నా ముందు పెట్టాడు. మూత తిప్పి సీలు చూపించాడు. సీలు తెంపి పోశాడు. పోశాక డబ్బాని తలకిందులుగా పట్టుకుని అలాగే నిలబడ్డాడు. ధార సన్నబడి దారమైంది, దారం తెగి చుక్కలైంది. ఆ చుక్కలు కూడా ఆగాక ఖాళీ డబ్బా నా చేతికిచ్చి వెళ్ళిపోయాడు. ఒక్క మాట లేదు. పోయిన నెల వాళ్ళ ఓనరుతో నేనన్నది వాడి చెవిన పడిందని అప్పుడర్థమైంది. "మూడున్నర లీటర్లకి బిల్లు వేసి మూడే పోశారేమో చూడండి" అన్నాను. వాడు అక్కడే, జాకీ పక్కన ఉన్నాడు.

అనక ఏం చేయను? సర్వీసు చేయించిన మర్నాడే గేజు, అదే ఇంజనులో ఆయిలు ఎంతుందో చూసే కమ్మీ, తీస్తే తడి పై గీతకి కింద ఉంది. పదిహేను రోజులకి కింది గీతకి దిగింది. లెక్క రాసుకున్నాను, 620 కిలోమీటర్లకి అర లీటరు పైనే. మన ముసలి కారుకి పదిహేనేళ్ళు నిండాయని 5,000 కట్టి ఇంకో ఐదేళ్ళకి ఆర్సీ తెచ్చుకున్నది మొన్ననేగా. "అమ్మేద్దాం" అని ఈయన ఒక్క మాట. మరిదిగారు ఫోన్లోనే "పిస్టన్ రింగులు పోయుంటాయి వదినా, ఇంజను దించాల్సిందే" అని తీర్పు చెప్పేశారు. ఆయన కారు బానెట్టు ఎప్పుడైనా ఎత్తి చూసిన మనిషి కాదు.

వీళ్ళు చాలరన్నట్టు సెక్రటరీగారు. పార్కింగులో మన కారు కింద నల్ల మరకని ఫొటో తీసి అపార్ట్‌మెంటు గ్రూపులో పెట్టారు. "సంబంధిత ఫ్లాటు వారు గమనించగలరు." దాని పక్కన మూడు దండాలు. నంబరు ప్లేటు కనపడేలా ఫొటో తీసి, మళ్ళీ సంబంధిత ఫ్లాటు వారట! ఆ రాత్రే పాత ఫ్రిజ్ అట్టపెట్టె చింపి ఇంజను కింద పరిచాను. నాలుగు రాత్రులు పరిచాను. మూడు రోజులు అట్ట పొడిగా ఉంది. నాలుగోనాడు ఒక మచ్చ కనిపించి గుండె జారింది. వేలితో తాకితే నీళ్ళు, ఏసీ నీళ్ళు. మరక మనది కాదు, అంతకుముందు అక్కడ ఏడాదిపాటు పెట్టిన పై ఫ్లాటు వాళ్ళ మోటారు సైకిలుది. నాలుగు పొద్దుల అట్ట ఫొటోలూ తేదీలతో సహా గ్రూపులో పెట్టాను. ఎవరూ మాట్లాడలేదు. సెక్రటరీగారు మాత్రం ఒక బొటనవేలు పెట్టారు. ఆ బొటనవేలు చూస్తే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

కింద చుక్క పడట్లేదంటే కారడం లేదని కాదట. ఈ మాట ఆటోనగర్‌లో పెద్దాయన చెప్పాడు. ఇంజను నడుస్తున్నప్పుడే చిమ్మి, వేడి సైలెన్సరు గొట్టం మీద పడి మాడిపోతే నేలమీద ఆనవాలే ఉండదు. అందుకని ఇంజనంతా డీజిల్‌తో కడిగి, కాటన్ వేస్టుతో తుడిచి, "ఓసారి గుంటూరు వెళ్ళి రండమ్మా" అన్నాడు. వెళ్ళొచ్చాను. టార్చి వేసి చూస్తే ఇంజను పైమూత, అదే ట్యాపెట్ కవరు, ప్యాకింగు దగ్గర చెమటలా కొంచెం ఆయిలు, అంతే. దానికి అర లీటరు పోదు.

అంటే ఇంజనే ఆయిలు తాగుతోంది, లోపల కాల్చేస్తోంది. పొద్దున మొదటి స్టార్టుకి చిన్నదాన్ని వెనక నిలబెట్టాను. "నీలంగా వచ్చిందమ్మా, ఆగిపోయింది" అంది. బెంజి సర్కిల్ ఫ్లైఓవరు దిగేటప్పుడు యాక్సిలరేటరు మీంచి కాలు తీసేసి, కిందకొచ్చాక ఒక్కసారి తొక్కి అద్దంలో చూశాను. అప్పుడూ నీలం పొగ. కాలు తీసినప్పుడు సిలిండర్లలో పీల్పు పెరిగి, గట్టిపడిపోయిన వాల్వు సీళ్ళ (వాల్వుల చుట్టూ ఉండే రబ్బరు బిరడాలు) సందునుంచి ఆయిలు లోపలికి దిగుతుందట. రింగులు పోతే లాగుతున్నంతసేపూ పొగే అన్నాడు పెద్దాయన. నాలుగు స్పార్క్ ప్లగ్గులూ విప్పితే మూడోది నల్లగా, తడిగా ఉంది. కంప్రెషన్, అంటే సిలిండర్లలో ఒత్తిడి, కొలిచి చూశాడు. నాలుగు సిలిండర్లూ 165, 172 పీఎస్ఐ మధ్యే. ఒకటి తక్కువొచ్చుంటే అందులో చెంచాడు ఆయిలు పోసి మళ్ళీ చూసేవాడట. పెరిగితే రింగులు, పెరక్కపోతే వాల్వులు. ఆ అవసరం రాలేదు, రింగుల మీద అనుమానం పోయింది. మరిదిగారికి ఇంకా చెప్పలేదు. ఆదివారం చెప్తాను, తీరిగ్గా.

గేజు తుడిచి ముంచి తీసి వెలుగులో చూసుకోవడం... ఇది ఎక్కడో చూశానే అని పదిహేను రోజులుగా అనుకుంటున్నాను. తెనాలి ఇల్లు. గానుగ నుంచి తెచ్చిన వేరుశెనగ నూనె డబ్బా. అమ్మ చీపురుపుల్ల ముంచి, తడి ఎంతవరకు అంటిందో గోటితో గాటు పెట్టేది. మర్నాడు మళ్ళీ అదే పుల్ల. గాటుకీ తడికీ మధ్య వేలెడు తేడా వచ్చేసరికి ఇంట్లో పనిచేసే సూరమ్మని నిలబెట్టి అడిగేసింది. సూరమ్మ చీపురు గోడకి చేరేసి వెళ్ళిపోయింది, మళ్ళీ రాలేదు. సంక్రాంతికి ఇల్లు కడుగుతుంటే డబ్బా కింద గోనెపట్టా లేవలేదు. నూనె పీల్చి పీల్చి నేలకి అతుక్కుపోయింది. డబ్బా అడుగున అతుకు వదిలింది, అంతే. అమ్మ ఆ పుల్లని పొయ్యిలో పెట్టింది. ఒక జాకెట్టు గుడ్డ కాగితంలో చుట్టి నాకిచ్చి సూరమ్మకి ఇచ్చి రమ్మంది. ఏం చెప్పమంటావని అడిగితే "ఏం చెప్పక్కర్లేదు" అంది. సూరమ్మా ఏం అడగలేదు. గ్లాసుడు మజ్జిగ తాగించి పంపింది.

ఈ టపా మొదలుపెట్టినప్పుడు, డబ్బా చేతికివ్వడం మరీ పొగరు కాదూ అని రాద్దామనుకున్నాను. ఇప్పుడు రాయలేకపోతున్నాను. ఎందుకంటే సర్వీసు మర్నాడు నేను గేజు చూసింది సెల్లారు ర్యాంపు మీద, కారు ముక్కు పైకి పెట్టి. చదును నేల మీద, ఆపిన పది నిమిషాలకి చూడాలని కూడా తెలీని మనిషిని. పైగా కొత్త ఫిల్టరు నిండడానికి కొంత ఆయిలు పడుతుంది, ఒకసారి స్టార్టు చేసి ఆపితే గేజు మీద దిగుతుంది. ఆ ముక్క వాళ్ళైనా చెప్పొచ్చుగా! చెప్పలేదు. సరే, నేనూ అడగలేదు.

ఇవాళ చేసిందల్లా పీసీవీ వాల్వు, అంటే ఇంజను లోపలి ఆవిరిని మళ్ళీ సిలిండర్ల వైపు పంపే చిన్న వాల్వు, మార్చడం. పాతదాన్ని కుర్రాడు నా చెవి దగ్గర ఊపాడు. గలగలమనాలట, మూగగా ఉంది. అది ఇరుక్కుంటే ఇంజను తన ఆయిలు ఆవిరిని తనే పీల్చి కాల్చేస్తుందట. కొత్తది మూడొందల లోపే. ముందు ఇది చూసి, తగ్గకపోతే అప్పుడు వాల్వు సీళ్ళు.

మీటరు 1,12,660 దగ్గర ఉండగా ఆయిలు ఫుల్లు చేశాం. శనివారం పిన్ని దగ్గరకి గుంటూరు వెళ్ళొస్తే ఓ 70 కిలోమీటర్లు. వచ్చే వారం షెడ్డుకి వెళ్ళి గేజు ఎంతుందో చెప్పి రావాలి. వెళ్తూ పూతరేకులు పట్టుకెళ్దామని ఉంది. మెకానిక్ షెడ్డుకి పూతరేకులేమిటి అంటారు ఈయన. ఏం చెప్పాలో ఇంకా అనుకోలేదు.