నూటికి డెబ్బై అయిదు మంది వద్దన్న ఊళ్ళో

బోస్టన్ అనగానే మనవాళ్ళకి అమెరికానే గుర్తొస్తుంది. దానికి పేరిచ్చిన అసలు బోస్టన్ ఇంగ్లాండ్ తూర్పున, లింకన్‌షైర్‌లో, విథమ్ నది ఒడ్డున ఉంది. యూరోపియన్ యూనియన్‌లో ఉండాలా, బయటికి రావాలా అని 2016 జూన్ 23న బ్రిటన్‌లో రిఫరెండం పెట్టినప్పుడు దేశం మొత్తమ్మీద 51.9 శాతం మంది బయటికే ఓటేశారు. ఈ ఊరి లెక్క 75.6 శాతం. దేశంలో అంతకన్నా ఎక్కువ ఇంకెక్కడా రాలేదు.

ఆ రోజు నేనూ ఓటేశాను, ఉండాలనే వేశాను. నాకు పూర్తిగా ఎదురు చెప్పిన ఈ ఊరిని ఒకసారి చూడాలని అప్పట్నుంచీ ఉంది. మా పిన్ని కూతురు అక్కడి ఆస్పత్రిలో నర్సుగా చేరాక, 2024 అక్టోబరులో ఆ పని కుదిరింది.

లండన్ కింగ్స్ క్రాస్‌లో ఎక్కి, గ్రాంథమ్‌లో దిగి చిన్న రైలుకి మారాలి. గ్రాంథమ్ మార్గరెట్ థాచర్ పుట్టిన ఊరు. 1973 జనవరి 1న బ్రిటన్ అప్పటి యూరోపియన్ ఆర్థిక సమాజంలో, అంటే యూనియన్ పాత రూపంలో, చేరింది. రెండేళ్ళకే, 1975 జూన్‌లో, ఇందులోనే కొనసాగుదామా అని ఓటింగ్ పెడితే కొత్తగా కన్సర్వేటివ్ పార్టీ నాయకురాలైన థాచర్ కొనసాగుదామనే ప్రచారం చేసింది. 67.2 శాతం సరే అన్నారు. తర్వాత ఆమే యూరప్ పెత్తనం మీద గట్టిగా మాట్లాడే మనిషి అయింది. నలభై ఏళ్ళలో దేశం మనసు మారిన తీరంతా ఆ ఒక్క మనిషిలో కనిపిస్తుంది. రైలు ఆలస్యమైతే, ప్లాట్‌ఫారమ్ మీద టీ తాగుతూ అదే ఆలోచిస్తూ కూర్చున్నాను.

హెకింగ్టన్ దగ్గర ఎనిమిది రెక్కల గాలిమర కిటికీలోంచే కనిపిస్తుంది. అది దాటాక ఇక ఎత్తూ పల్లం ఉండదు. ఒకప్పటి చిత్తడి నేల, కాలువలు తవ్వి నీళ్ళు తోడేసి పొలాలు చేశారు. మా దివిసీమలో కరకట్ట మీద నిలబడి చూసినట్టే, కంటికి ఆనినంత దూరం చదునుగా పొలాలు. క్యాబేజీ, కాలీఫ్లవర్, బంగాళదుంప. అల్లంత దూరం నుంచే సెయింట్ బొటాల్ఫ్ చర్చి గోపురం కనిపించింది. ఊరివాళ్ళు దాన్ని స్టంప్ అంటారు.

మర్నాడు పొద్దున్నే ముందుగా ఆ చర్చికే వెళ్ళాను. లోపల ఒక నల్లటి సమాధి రాయి ఉంది. జర్మనీలోని మున్‌స్టర్ నుంచి వచ్చి 1340లో చనిపోయిన విసెల్ స్మాలెన్‌బర్గ్ అనే వర్తకుడిది. అప్పట్లో ఈ ఊరు ఇంగ్లాండ్ ఉన్ని ఎగుమతికి పెద్ద రేవు. హాన్సా అనే వర్తక పట్టణాల కూటమికి చెందినవాళ్ళు బాల్టిక్ తీరం నుంచి ఇక్కడికి వచ్చి కొట్లు పెట్టుకున్నారు. అక్కణ్ణుంచి గిల్డ్‌హాల్ నడిచేంత దూరమే. మతం విషయంలో రాజుతో పడక 1607లో హాలండ్ పారిపోబోయినవాళ్ళని పట్టుకుని పెట్టిన జైలు గదులు ఇప్పటికీ అందులో ఉన్నాయి. ఇరుకు, చీకటి. తలుపు దగ్గర వంగి చూస్తే చాలు, లోపలికి అడుగు పెట్టబుద్ధి కాలేదు. బయటివాళ్ళు రావడం, ఇక్కడివాళ్ళు పోవడం ఈ ఊరికి ఏడొందల ఏళ్ళుగా అలవాటే. కాబట్టి వీళ్ళకి పరాయివాళ్ళంటే పడదు అని లండన్‌లో తేలిగ్గా తీసిపారేసే మాటని నేను ఒప్పుకోను.

శనివారం సంత రోజు. మార్కెట్ ప్లేస్‌లో కూరగాయలు, పూల దుంపలు అమ్మే ఒక పెద్దాయన దగ్గర క్యాబేజీ కొన్నాను. డెబ్బై దాటి ఉంటాయి. నేనెక్కణ్ణుంచి వచ్చానో అడిగాడు, నేను రిఫరెండం సంగతి ఎత్తాను. ఆయన దాచుకోలేదు. "1975లో ఉండాలని వేశాను. 2016లో పోదామని వేశాను. అప్పుడు మాకు చెప్పింది ఉమ్మడి మార్కెట్ అని. ఇంతమంది వస్తారని ఎవరూ చెప్పలేదు."

ఆయన చెప్పినదాంట్లో నిజం చాలా ఉంది. 2004 మే 1న పోలండ్, లిథువేనియాలాంటి తూర్పు యూరప్ దేశాలు యూనియన్‌లో చేరినప్పుడు జర్మనీ, ఫ్రాన్స్‌లాంటివి తమ ఉద్యోగాల తలుపులు కొన్నేళ్ళు మూసి ఉంచుకున్నాయి. ఆ వెసులుబాటు బ్రిటన్‌కీ ఉంది, అయినా బ్రిటన్, ఐర్లాండ్, స్వీడన్ వెంటనే తెరిచాయి. ఏడాదికి 5,000 నుంచి 13,000 మంది వస్తారని లండన్‌లో ప్రభుత్వం చేయించిన అంచనా. వచ్చినవాళ్ళు దానికి ఎన్నో రెట్లు. 2011 జనాభా లెక్కల నాటికి ఈ ఊళ్ళో పదిమందిలో ఒకరు ఆ కొత్త దేశాలవాళ్ళే. స్కూళ్ళు, డాక్టర్లు, ఇళ్ళు మాత్రం పాతవే. అలాంటి ఊళ్ళకని లేబర్ ప్రభుత్వం ఒక నిధి పెట్టింది. 2010లో వచ్చిన కొత్త ప్రభుత్వం దాన్ని తీసేసింది.

"మా అబ్బాయి ప్యాకింగ్ షెడ్‌లో పనిచేసేవాడు. కూలీల్ని పంపే ఏజెన్సీవాళ్ళు వచ్చాక గంట కూలి అక్కడే ఆగిపోయింది. అద్దె మాత్రం ఆగలేదు" అన్నాడాయన.

ఇవన్నీ లండన్ చేసినవే కదా, యూనియన్‌ని నడిపే బ్రస్సెల్స్ మీద కోపం దేనికి అని అడిగాను. ఆయన క్యాబేజీ సంచీలో వేస్తూ చెప్పాడు: "మా ఎంపీ నచ్చకపోతే మార్చుకోగలం. జులైలో మార్చాం కూడా. బ్రస్సెల్స్‌లో ఎవణ్ణి మార్చాలి?" జులై ఎన్నికల్లో ఇక్కడ రిఫార్మ్ యూకే పార్టీ తరఫున రిచర్డ్ టైస్ గెలిచాడు. యూరోపియన్ పార్లమెంటుకి ఈ ప్రాంతం నుంచి అయిదుగురు సభ్యులుండేవారు కదా అన్నాను. వాళ్ళలో ఒక్క పేరైనా ఆయనకి గుర్తు లేదు. నిజం చెప్పాలంటే మా ప్రాంతం సభ్యుల పేర్లు అడిగితే నేనూ ఠక్కున చెప్పలేను. యూనియన్ వైపు నుంచి వాదించేవాళ్ళు ఈ మాటకి సరైన జవాబు ఇప్పటికీ వెతుక్కోలేదని నా అభిప్రాయం. ఎవరు పాలిస్తున్నారో తెలియని చోట, ఎంత మంచి చట్టం వచ్చినా జనం దాన్ని తమదనుకోరు.

అయినా నా ఓటు సరైనదనే అంటాను. లండన్ పక్కనున్న మా ఊరు స్లౌ సంగతే చెబుతాను. అక్కడ మా ఉపఖండం వాళ్ళం చాలామందిమి ఉన్నాం, అయినా 54.3 శాతం బయటికే వేశారు. "మా అమ్మకి వీసా ఇవ్వరు, పోలండ్ నుంచి వచ్చేవాడికి వీసాయే అక్కర్లేదు, ఇదేం న్యాయం?" అని మా పక్కింటి పంజాబీ ఆంటీ గుమ్మంలో నిలబడి నన్నే నిలదీసింది. ఆవిడ బాధ నాకు తెలుసు. 2012 నుంచి భార్యనో భర్తనో తెచ్చుకోవాలంటే ఏడాదికి 18,600 పౌండ్ల సంపాదన చూపించాల్సి వచ్చేది. తల్లిదండ్రుల వీసా దాదాపు మూసేసినట్టే. కానీ ఆ రూల్ రాసింది యూరప్ కాదు, ఇక్కడి హోం శాఖ. బ్రిటన్ 2020 జనవరి 31న బయటికొచ్చింది. ఆ సంపాదన హద్దు 2024 ఏప్రిల్‌లో 29,000 పౌండ్లకి పెరిగింది. ఆంటీ వాళ్ళమ్మకి వీసా రాలేదు.

మధ్యాహ్నం మా చెల్లి తన కారులో ఊరి బయటికి తీసుకెళ్ళింది. ఒక పొలం గట్టున ఆగాం. ట్రాక్టర్ మనిషి నడకకన్నా నెమ్మదిగా కదులుతోంది, దాని వెనక రెండు పక్కలా రెక్కల్లా చాచిన బెల్టు. పసుపుపచ్చ రెయిన్‌కోట్లలో మనుషులు వంగి, చిన్న కత్తితో మొదట్లో ఒక్క వేటు, పై ఆకులు రెండు దులిపి, క్యాబేజీ బెల్టు మీద పెట్టి, నిలబడకుండానే పక్కదానికి జరుగుతున్నారు. బురద బూట్లకి పట్టి కాలు లేవట్లేదు. ఎవరూ మాట్లాడుకోవడం లేదు. ఒక పదినిమిషాలు చూస్తేనే నాకు నడుం నొప్పి పుట్టింది.

"వీళ్ళు లిథువేనియావాళ్ళు కాదక్కా. కిర్గిజ్‌స్తాన్, తజికిస్తాన్ వైపు నుంచి ఆరు నెలల వీసా మీద వస్తారు" అంది చెల్లి. వేళ్ళు తెగి, నడుం పట్టేసి ఆస్పత్రికి వచ్చేవాళ్ళతో తనకి పరిచయం. ఆ సీజనల్ వీసా 2019లో 2,500 మందితో మొదలై, 2024 నాటికి తోటలకీ పొలాలకీ కలిపి ఏడాదికి 45,000 దాకా వచ్చింది. కుటుంబాన్ని తెచ్చుకోకూడదు, ఆరు నెలలవగానే వెళ్ళిపోవాలి. పెద్దాయన అబ్బాయి వదిలేసిన పని ఆ అబ్బాయికి తిరిగి రాలేదు. ఇంకా దూరం నుంచి, ఇంకా తక్కువ హక్కులతో వచ్చినవాళ్ళకి పోయింది. బ్రెగ్జిట్ మీద నా కోపమంతా ఇక్కడే. ఈ ఊరు చెప్పుకున్న కష్టం నిజం. దాన్ని విన్నామన్నవాళ్ళు ఆ కష్టం జోలికే పోలేదు.

మా చెల్లి కూడా ఆ మార్పులోనే వచ్చింది. యూరప్ నుంచి నర్సుల రాక పడిపోయాక ఇండియా నుంచి తీసుకోవడం బాగా పెరిగింది. 2021 జులైలో చదువు తర్వాత రెండేళ్ళు ఉద్యోగం చేసుకునే వీసా మళ్ళీ తెరిచాక మన తెలుగు పిల్లలు ఎంతమంది వచ్చారో ఇంగ్లాండ్‌లో ఏ యూనివర్సిటీ ఊరికి వెళ్ళినా తెలుస్తుంది. నేను వద్దన్నదాని వల్ల మా ఇంటికే మేలు జరిగింది. అది కాదనను. మాకు మేలు జరిగిందని దేశానికి మేలు జరిగిందనుకోవడం మాత్రం నాకు చేతకాదు.

రాత్రి చెల్లి వండిన పప్పుచారు తింటుంటే, దాని రూమ్మేట్ గుంటూరమ్మాయి, "మన రాష్ట్రం విడిపోయినట్టే కదక్కా ఇదీ" అంది. చాలామంది అలాగే అంటారు. నాకు ఆ పోలిక నచ్చదు. 2014లో రాష్ట్రాలు రెండయ్యాయి గానీ, విజయవాడలో పుట్టిన పిల్ల హైదరాబాద్‌లో ఉద్యోగం చేయడానికి ఎవర్నీ అడగక్కర్లేదు. ఇక్కడ పోయింది ఆ హక్కే. బ్రిటన్‌లో పుట్టిన పిల్లలు పారిస్‌లోనో బెర్లిన్‌లోనో బతికే హక్కు, అక్కడివాళ్ళు ఇక్కడ బతికే హక్కు, రెండూ ఒకేసారి పోయాయి.

ఆదివారం నా రైలుకి ముందు వెస్ట్ స్ట్రీట్‌లోకి వెళ్ళాం. పోలిష్, లాత్వియన్, రుమేనియన్ బోర్డులు వరసగా. ఒక లిథువేనియన్ కొట్లో నల్ల రొట్టె, పొగబెట్టిన చేప, పెద్ద సీసాల్లో ఊరేసిన దోసకాయలు. కొట్టు ఆవిడకి చెల్లి బాగా తెలుసు. 2006లో వచ్చి, పొలంలో చాలా ఏళ్ళు క్యాబేజీ కోసి, కూడబెట్టి ఈ కొట్టు పెట్టిందట. పిల్లలిద్దరూ ఈ ఊళ్ళోనే పుట్టారు. తనతో వచ్చినవాళ్ళలో చాలామంది తిరిగి వెళ్ళిపోయారని, అక్కడ ఇప్పుడు జీతాలు బాగున్నాయని చెప్పింది.

"మీరెప్పుడొచ్చారు?" అని నన్నడిగింది.

"2011లో."

"2016లో మీకు ఓటుందా?"

ఉందన్నాను. నాది ఇండియన్ పాస్‌పోర్టే, కానీ కామన్వెల్త్ దేశాలవాళ్ళకి ఇక్కడ ఉంటున్నంత మాత్రాన ఓటు ఇస్తారు. యూరప్‌వాళ్ళలో ఐర్లాండ్, మాల్టా, సైప్రస్‌వాళ్ళకి తప్ప ఎవరికీ ఆ రిఫరెండంలో ఓటు లేదు. నాకన్నా అయిదేళ్ళు ముందొచ్చి, ఆ తీర్పుతో జీవితం తారుమారయ్యే మనిషికి ఓటు లేదు, నాకుంది. మా చెల్లయితే వచ్చి రెండేళ్ళు నిండకుండానే జులైలో పార్లమెంటు ఎన్నికల్లో ఓటేసి వచ్చింది. నన్ను ఈ దేశం నమ్మినందుకు కృతజ్ఞత ఉంది. ఆవిడని నమ్మకపోవడం అన్యాయమని అప్పుడూ అన్నాను, ఇప్పుడూ అంటాను. ఉంటున్నవాళ్ళందరికీ ఓటుంటే ఫలితం వేరేగా వచ్చేదేమో అన్నది పక్కన పెట్టండి. పెద్దాయన కష్టం, ఈవిడ కష్టం ఒకే లెక్కలోకి వచ్చేవి.

ఆవిడ నా మీద కోపగించుకోలేదు. రొట్టె కాగితంలో చుట్టి ఇస్తూ, "వచ్చే మేలో కౌంటీ ఎన్నికలున్నాయి. మేం ముందునుంచీ ఉన్నవాళ్ళం కాబట్టి వాటిలో మాకు ఓటుంది. రోడ్లూ స్కూళ్ళూ వాళ్ళ చేతిలోనేగా" అంది. తర్వాత మా చెల్లి వైపు తిరిగి, ఇల్లు మారావు కదా, కొత్త అడ్రస్‌తో పేరు నమోదు చేయించుకున్నావా అని అడిగింది. చెల్లి చేయించుకోలేదు. నా రైలు వచ్చేలోపు, స్టేషన్‌లో బల్ల మీద కూర్చుని ఫోన్లో ఆ ఫారం నింపేశాం.